సంచినిండా ఒకే ఉల్లి

ఏడుకొప్పుల కొండ ఎక్కడం కష్టమని లోకంలో అందరూ చెబుతారు. దిగడం గురించి మాత్రం ఎవరూ చెప్పరు. చెప్పాలంటే ముందు దిగి రావాలి కదా! అలా దిగి వస్తున్న ఇద్దరిని ఆ వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నం ఎవరైనా చూసి ఉంటే, ఒకడు రత్నకూట రాజ్యానికి యువరాజనీ, రెండోవాడు ఆ రాజుగారి వంటశాలకి పెద్ద అనీ చస్తే నమ్మేవారు కారు. యువరాజు కీర్తిమల్లుడి పట్టువస్త్రం ముళ్లకి చీలి, ఆ చీలికలు మళ్లీ చీలి, ఇప్పుడు దాన్ని బట్ట అనడం మర్యాదకోసమే. వంటశాల పెద్ద బొప్పన ఒకప్పుడు గుమ్మంలో పక్కకి తిరిగితే తప్ప పట్టేవాడు కాదు. ఇప్పుడు పంచె నడుమున నిలవక ఒక చేత్తో పట్టుకుని నడుస్తున్నాడు.

ఇద్దరి భుజాల మీదా ఒక కర్ర. కర్రకి వేలాడుతూ ఒక గోనెసంచి. సంచినిండా గుత్తి ఉల్లి, అంటే ఒక పాయ నాటితే నేలలో విడివడి గుప్పెడు పాయలయ్యే చిన్న ఉల్లి.

"దొరా, కాస్సేపు దింపుదామా?" అన్నాడు బొప్పన.

"ఇందాకే దింపాం కదయ్యా."

"ఇందాక దింపింది సంచిని. ఇప్పుడు నన్ను దింపాలి."

మామూలు రోజుల్లో అయితే యువరాజు పగలబడి నవ్వేవాడు. ఇప్పుడు నవ్వడానికి కూడా ఓపిక లేదు. రాతినీడ చూసి కూలబడ్డాడు. పిశాచాల మడుగు ఈది, కొండచిలువ చుట్ట మీదుగా ఊపిరి బిగబట్టి నడిచి, ఊడలు పట్టుకుని పాకి, ఆఖరికి కొండ నెత్తిన ఒక రాతిచట్టు మీద ఈ ఉల్లిని తవ్వుకున్నాడు. అంతా చేసి దిగుతుంటే సంతోషం రావాలి కదా! రాలేదు. అరికాళ్లు మండుతున్నాయి, కళ్లు కూరుకుపోతున్నాయి, చెల్లెలు గుర్తొస్తే ఏడుద్దామన్నా కన్నీళ్లు రావడం లేదు.

ఆ చెల్లెలి కోసమే ఇదంతా. రాకుమారి సౌగంధిని పెళ్లాడతానంటూ ఒకనాడు కంకాళభట్టు అనే మాంత్రికుడు కొలువుకి వచ్చాడు. ఎముకల దండలు, గోళ్లంత పొడుగు వెంట్రుకలూ వెంట్రుకలంత పొడుగు గోళ్లూ చూసి సౌగంధి పకపకా నవ్వింది. ఆ నవ్వు వాడి గుండెలో ముల్లులా దిగింది. "నవ్వే నోరు మూతపడుగాక" అని వెళ్లిపోయాడు. ఆ తరవాత రాజ్యమంతా మాగన్ను కమ్మింది. రాజు సింహాసనం మీద, సేవకుడు వింజామర పట్టుకుని, ఎద్దు కాడి కింద, ఎవరెక్కడున్నారో అక్కడే నిద్ర. మిగిలినవాళ్లకి నిద్ర ఒక్కటే. సౌగంధికి మాత్రం నిద్రతో పాటు పాదాల నుంచి రాయి పైకి పాకడం మొదలైంది.

వేటకని సరిహద్దు అడవుల్లో ఉన్న యువరాజూ, అతనికి వండిపెట్టడానికి వెంట వెళ్లిన బొప్పనా మాత్రం తప్పించుకున్నారు. వాళ్లు పరుగున వచ్చేసరికి కోటలో ఇంకా నిద్రపోనివాడు ఆస్థాన జ్యోతిష్కుడు ఒక్కడే. ఆయనా స్తంభానికి తల బాదుకుంటూ మేలుకుని ఉన్నాడు.

"దీపావళి నాటికి రాయి గుండెకి చేరుతుంది బాబూ. ఆ లోపల అమ్మాయి కంట ఒక్క నీటిచుక్క రాలాలి. నిద్రలో ఉన్న కంట నీరు తెప్పించగలిగింది గుత్తి ఉల్లి ఘాటు ఒక్కటే. మన రాజ్యంలో అది మిగల్లేదు. ఏడుకొప్పుల కొండ నెత్తిన ఉంది. తెచ్చేటప్పుడు ఒక్క సంగతి మాత్రం మరిచిపోకండి. ఆ ఉల్లి..." అని, సరిగ్గా అక్కడ గురక పెట్టాడు. పండితులతో ఇదే చిక్కు. ఉపోద్ఘాతానికి ఉన్న ఓపిక అసలు సంగతికి ఉండదు.

ఉల్లికి పుట్టిల్లులాంటి రాజ్యంలో ఉల్లి ఎందుకు మిగల్లేదో కూడా చెప్పాలి. యువరాజు తాతగారి కాలంలో రత్నకూటంలో ఎన్ని వాడలో అన్ని ఉల్లులు. చవిటి నేలల్లో పండేది కాకిముక్కు, పొడుగ్గా నల్లగా కొన వంగి ఉండేది. కొండవాలులో గజ్జె ఉల్లి, గలగలమనేంత చిన్నది, గుండ్రనిది. పాలపాయకి పొర తీస్తే తెల్లని తెలుపు, పచ్చిది నమిలినా తియ్యదనం. రాగిబుడ్డిని చూరుకి కట్టి వదిలేస్తే ఏడాది తిరిగినా మొలకెత్తదు. జంటపిట్టకి ఒక్క పొట్టులో ఎప్పుడూ రెండే పాయలు. ఇక ఏడుపుగొట్టు అని ఒకటుండేది. దాన్ని ఒక ఇంట్లో కోస్తే పక్కింటి అత్తాకోడళ్లు కూడా కన్నీళ్లు పెట్టుకుని రాజీ పడేవారట. వానలెక్కువైన ఏడు ఒకటి కుళ్లితే ఒకటి నిలిచేది, ఎండలెక్కువైతే మరొకటి నిలిచేది. ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదని ఆ జనం ఊరికే అనలేదు.

యువరాజు తండ్రికి ఒకనాటి విందులో పగడపు ఉల్లి అనే రకం కంటబడింది. ఎర్రగా, నున్నగా, అన్నీ ఒకే సైజులో, పళ్లెంలో పోస్తే పగడాల రాశే. "మన రాజ్యంలో ఇకమీదట ఇదొక్కటే పండాలి. మిగతా పిచ్చి ఉల్లి పీకి పారెయ్యండి" అన్నాడు మహారాజు. రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదవా? ఒక్క గుత్తి విడదీసి నాటారు, ఆ గుత్తులు విడదీసి మళ్లీ నాటారు. కొద్ది ఏళ్లకే దేశమంతా పగడాలు. అవన్నీ ఒక్క తెల్లవారుజామున, ఒక్క గడియలో, నీరై కుళ్లిపోయాయి. మాగన్ను ఆ మర్నాడు వచ్చింది. పగడపు ఉల్లికి ఎవరి దిష్టో తగిలిందని అందరూ అనుకున్నారు. బొప్పన కూడా అదే అనుకున్నాడు.

"పదండి దొరా, ఏరు కనబడుతోంది" అంటూ బొప్పన లేచి తలపాగా సర్దుకున్నాడు. ఆ తలపాగాలో ఒక ఎండు ఉల్లికాడ దోపి ఉంది, చివర బంతిలా ఎండిన పూగుత్తితో. రత్నకూటంలో ఉల్లి పూస్తే పరువు తక్కువ. పూత పాయ బలాన్ని తాగేస్తుందని కాడ కనబడగానే ఫట్‌మని విరిచేస్తారు. కొండమీద తవ్వేటప్పుడు బొప్పన చెయ్యి ఆ అలవాటుకొద్దీ ఈ కాడనీ విరిచేసింది. వడదెబ్బ తగలకుండా తలపాగాలో ఉల్లిపాయ పెట్టుకోవడం వాళ్ల దేశాచారం. "ఒకటి పెట్టుకోవయ్యా" అని యువరాజు అంటే, "అమ్మాయిగారి పాయలు నా నెత్తికెందుకు దొరా, పనికిరాని ఈ కాడ చాలదూ" అని దాన్ని దోపుకున్నాడు.

ఏటి ఒడ్డున కంకాళభట్టు కాపలా భటులున్నారు. ఉల్లి వాసన వచ్చిన ప్రతివాణ్ణీ పట్టి నరుకుతున్నారని దారిలోనే తెలిసింది. వాసనని దాచే గొయ్యి లోకంలో లేదు. కానీ బొప్పన మొలలో ఒక గుడ్డ ఉంది. వంటశాలలో ఇరవయ్యేళ్లు ఇంగువ కట్టిన గుడ్డ. ఇంగువ అయిపోయి ఎంత కాలమైనా అది తన పని మానలేదు. దాన్ని తడిపి సంచికి చుట్టి, మిగిలిన తడి ఇద్దరి ఒంటికీ పులిమాడు.

"ఎవర్రా మీరు?" అన్నాడు భటుడు ముక్కు మూసుకుని.

"ఇంగువ శెట్లం బాబూ. మేలిరకం. కాస్త వాసన చూస్తారా?" అని బొప్పన సంచిని ముందుకి తోశాడు.

"చాల్చాలు, పోండి! ఏరు దాటేదాకా గాలికి ఎదురు నిలబడకండి!"

రేవులో ఒకే ఒక్క పుట్టి ఉంది, గుండ్రటి తోలు పుట్టి. నడిపేవాడు పండు ముసలివాడు, కళ్ల కింద సంచులు వేలాడుతున్నాయి. ఎక్కారు. ఏరు మండువేసవిలో కూడా నిండుగా, పచ్చగా, కదలనట్టు కనబడుతూ లోపల లాగుతోంది. ఒడ్డున తుంగ, దూరాన ఇసకలంకలు, లంకల మీద నోళ్లు తెరుచుకుని ఎండ కాగుతున్న మొసళ్లు. నీటి చల్లగాలి తగలగానే యువరాజు తల వాలిపోయింది.

సరిగ్గా నడి ఏటిలో ముసలివాడి చేతిలోంచి గడ జారింది. వాడు పుట్టి అడుగున దబ్బున పడ్డాడు. పుట్టి గిరగిరా తిరగడం మొదలెట్టింది.

"ఎండ... ఎండదెబ్బ నాయనా... ఒక్క ఉల్లిపాయ ఉంటే అరికాళ్లకి రాసి పుణ్యం కట్టుకో..."

యువరాజు చెయ్యి సంచి మీదకి వెళ్లింది. బొప్పన ఆ చెయ్యి పట్టుకుని గుసగుసలాడాడు. "దొరా! ఇంగువ శెట్ల దగ్గర ఉల్లి ఎక్కడిదండీ?"

"ఎండదెబ్బకి ఉల్లి అడిగినవాడికి లేదనకూడదు బొప్పన్నా. అది మన దేశపు ధర్మం. సంచెడు ఉన్నాయి, ఒకటి పోతే ఏమవుతుంది?"

చెడ్డవాడు చేసిన తప్పుకి శిక్ష ఆలస్యంగా వస్తుంది. మంచివాడు చేసిన తప్పుకి అప్పటికప్పుడే. యువరాజు సంచి మూతి విప్పి ఒక పాయ తీసి ముసలివాడి చేతిలో పెట్టాడు. ముసలివాడు దాన్ని అరికాలికి రాయలేదు. పెదవుల దగ్గర పెట్టుకుని చెవిలో రహస్యం చెబుతున్నట్టు ఏదో గొణిగాడు. పాయ చేతిలోనే మెత్తబడి, నల్లబడి, వేళ్ల మధ్య నుంచి కారిపోయింది.

అదే గడియలో గోనెసంచి పొట్ట తీసేసినట్టు కుంగింది. కుళ్లునీరు గోనెలోంచి ఉబికి పుట్టి అడుగంతా పారింది. బొప్పన తలపాగాలో కాడ కూడా ముద్దయి అతని నుదుటిమీదుగా జారింది.

ముసలివాడు లేచి నిలబడ్డాడు. ముడతలు రాలిపోయాయి, గోళ్లు సాగాయి, మెడలో ఎముకల దండ కటకటమంది. కళ్ల కింద సంచులు మాత్రం అలాగే ఉన్నాయి.

"ఇంగువ వెనక ఉల్లి వాసన నాకు తెలియదనుకున్నావురా? నీ తండ్రి దగ్గరా ఇంతే. ముష్టివాడి వేషంలో ఒక్క పాయ అడిగాను, దేశం దేశమంతా కుళ్లింది. సంచెడు ఉల్లి మోశానని మురిశావా? పాయ విడదీసి నాటితే పుట్టేది బిడ్డ కాదురా పిచ్చివాడా, ఆ తల్లే మళ్లీ. చట్టు మీద ఉన్నదంతా ఒకే గుత్తి. నువ్వు మోసింది ఒక్క ఉల్లిని! ఒక్క దేహానికి ఒక్క మంత్రం చాలు."

జ్యోతిష్కుడు చెప్పబోయి చెప్పలేకపోయిన సంగతి అదన్నమాట.

కీర్తిమల్లుడు కత్తి దూసి ఒక్క వేటు వేశాడు. కంకాళభట్టు పొగయ్యాడు. కత్తి పొగలోంచి దూసుకెళ్లి పుట్టి తోలుని ఈ చివర నుంచి ఆ చివరకి చీల్చింది. పైనుంచి వాడి నవ్వు వినబడింది. "నీకూ నిద్రే మేలు యువరాజా, పడుకో!" ఆ మాటతో పాటు కీర్తిమల్లుడి రెప్పల మీద బండెడు బరువు పడింది. పుట్టి మునిగింది. మొసలి ఒకటి తలుపు తెరిచినట్టు నోరు తెరుచుకుని వచ్చింది. బొప్పన తేలుతున్న గడ అందుకుని దాని దవడల మధ్య నిలువుగా నిలబెట్టి, కత్తి వదలని యువరాజుని జుట్టు పట్టుకుని, నీళ్లు మింగుతూ, తిట్లు మింగకుండా, ఇసకలంక దాకా ఈడ్చుకొచ్చాడు.

"దొరా! నిద్రపోకండి! మీకు పుణ్యముంటుంది, కళ్లు తెరవండి!"

"ఒక్క క్షణం బొప్పన్నా... కాళ్లు నొప్పులు..."

"అమ్మాయిగారికి కాళ్లే లేకుండా పోతున్నాయి దొరా! నొప్పి కూడా తెలియడం లేదు ఆ తల్లికి!"

ఆ మాట ఎక్కడ తగిలిందో. చిన్నప్పుడు సౌగంధి తోటలో పరిగెత్తి కాలికి ముల్లు గుచ్చుకుంటే, "అన్నా, నువ్వే తియ్యి, ఇంకెవరూ వద్దు" అని పాదం చాపేది. ఆ పాదం ఇప్పుడు రాయి. ఇంత నడిచి, ఇంత ఎక్కి, ఒక్క కుళ్లిన గోనెతో ఇసకలో పడి ఉన్నాడు తను. యువరాజుకి దుఃఖం కట్ట తెగింది. ఇసకలో ముఖం దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కన్నీళ్లు వచ్చిన కంటిమీద మాగన్ను నిలవలేదు, జారిపోయింది. కానీ ఒళ్లంతా జ్వరం మిగిలింది.

తరవాతి రోజులు ఎలా గడిచాయో గడిచాయి. చుట్టూ మొసళ్లు, మధ్య లంక. యువరాజు జ్వరంతో తుంగ పందిరి కింద పడి ఉన్నాడు. బొప్పన తామరదుంపలు తవ్వి, చేపలు పట్టి, చిప్పలో కాచి పోశాడు. మొదటిరోజే కుళ్లు పట్టిన తలపాగా ఏటిలో ఉతికి దులిపితే నల్లటి గింజలేవో ఇసకలో రాలాయి. ఎండిన పూబంతిలోంచి వచ్చినవి అవి. కాడంతా ముద్దయినా అవి మాత్రం గట్టిగా, మెరుస్తూ ఉన్నాయి.

"నల్లజీలకర్రలా ఉంది" అనుకున్నాడు బొప్పన. వంటవాడి బుద్ధి! చిటికెడు తీసి చేపల పులుసులో వేశాడు. ఏమంత రుచి లేదు. అయినా పారెయ్యడానికి చెయ్యి రాక కొన్ని కొంగున కట్టుకున్నాడు. రాలినవాటిని పట్టించుకోలేదు. ఉల్లిని ఇంత ఎరిగిన దేశంలో ఉల్లిగింజ చూసినవాడు ఒక్కడూ లేడు. పూతే చూడనివ్వని చేతులకి గింజ ఎలా కనబడుతుంది?

వారం పైన గడిచాక ఒక ఉదయం బొప్పన కేక పెట్టాడు. తడి ఇసకలో పచ్చటి మొలకలు, సూదిని మధ్యకి వంచి గుచ్చినట్టు, కొక్కేల్లా లేస్తున్నాయి. ఒకటి గిల్లి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆ వాసనకి అతని కళ్లు చెమర్చాయి.

"ఉల్లి దొరా! గింజలోంచి ఉల్లి!"

యువరాజు గడ్డం కింద చేతులు పెట్టుకుని బోర్లా పడుకుని వాటినే చూస్తూ ఉండిపోయాడు. రోజులు గడిచేకొద్దీ కొక్కేలు విచ్చుకున్నాయి, వేలెడు ఎత్తయ్యాయి. మొదలు దగ్గర ఒకటి ఎర్రగా ఉంది. దాని పక్కది పాలలా తెల్లన. ఇంకోటి రాగిరంగు. ఒకటి దర్భలా బిరుసు, ఒకటి వెంట్రుకలా సన్నం, ఒకదాని మీద బూడిద చల్లినట్టు పొడి. గిల్లి చూస్తే ఒకటి తియ్యగా, ఒకటి ముక్కు అదిరేలా.

"తల్లితో పాటు కాడ కుళ్లింది" అన్నాడు నెమ్మదిగా. "ఇవి కుళ్లలేదు. అంటే ఇవి తల్లి కాదు బొప్పన్నా, బిడ్డలు. కొండమీద ఏ తేనెటీగ పుప్పొడి మోసిన పుణ్యమో. ఒక్క తల్లికి ఇన్ని రంగులా?"

"ఏ ఇంట్లో పిల్లలు ఒక్కలా ఉన్నారు దొరా? మా ఇంట్లో ఏడుగురం, ఏడు ముక్కులు. మా నాన్న ముక్కు ఎవరికీ రాలేదని మా నాయనమ్మ చచ్చేదాకా సణిగింది."

చాలా రోజుల తరవాత యువరాజు నవ్వాడు. నవ్వి, ఇవి పాయలు కట్టేసరికి ఎంత కాలమో, రాయి ఇప్పటికి మోకాళ్లు దాటిందేమో అనుకుని మళ్లీ డీలాపడ్డాడు. రత్నకూటం ఇంకా ఎంత దూరమో తలుచుకుంటేనే కాళ్లు లాగాయి.

ఆ మధ్యాహ్నమే పైన కొండల్లో ఉరుములు. ఏటి నీరు ఎర్రబడి పైకి పాకింది. ఆ నీటి మీద మొసలి వీపున నిలబడి కంకాళభట్టు వచ్చాడు. వాడి భుజం మీది కాకి రివ్వున వాలి ఒక మొలకని పీకి వాడి చేతిలో పడేసింది.

"ఇంకా బతికే ఉన్నారా? ఇదిగో, ఇదీ అయిపోయింది!" అని వాడు మొలక చెవిలో మంత్రం ఊదాడు. మొలక నల్లబడి కారింది.

వాడు తలెత్తి చూశాడు. లంక మీద పచ్చదనం అలాగే ఉంది. ఒక్క ఆకు వాడలేదు.

"ఇదేమిటి?" అన్నాడు.

"ఒకటి పోతే ఒకటే పోతుంది భట్టుగారూ!" అని అరిచాడు బొప్పన. "ఇవి అప్పచెల్లెళ్లు! ఎవరి ఒళ్లు వాళ్లదే, ఎవరి మంత్రం వాళ్లకే చదువుకోండి!"

కంకాళభట్టు ముఖం మాడిపోయింది. చేత్తో పీకుదామంటే వాడికి మంత్రం తప్ప పని చేతకాదు. ఈలవేశాడు. తుంగలోంచి కాకుల గుంపు లేచింది. కీర్తిమల్లుడు కత్తి తిప్పాడు. రెక్కలు రాలాయి, ఈకలు ఎగిరాయి. జ్వరం తగ్గకపోయినా కత్తి ఆగలేదు. అయినా ఒకటీ అరా కాకి తప్పించుకుని మొలక ఎత్తుకెళుతూనే ఉంది. వాడు దాని ఒడ్డూ పొడుగూ చూసి, రంగు చూసి, వాసన చూసి, దానికి తగిన మంత్రం కూర్చుకుని మొదటి నుంచీ చదవాలి. ఒకదానికి కూర్చింది రెండోదానికి అతకడం లేదు.

ఈలోగా నీరు లంక అంచు దాటింది. బొప్పన తలపాగా విప్పి తడిపి పరిచి, మొలకల్ని వేళ్లకి మట్టితో సహా పెళ్లగించి, అరిటాకులో అన్నం కట్టినట్టు మూట కట్టాడు. యువరాజు ఆ మూట నెత్తిన పెట్టుకున్నాడు. నీరు మోకాళ్లకి వచ్చింది. ఆ వరద ఉరవడికి మొసళ్లు చెల్లాచెదురయ్యాయి, భట్టు కాళ్ల కిందిది తప్ప. కింది లంక దాకా తుంగ మొదళ్లు పట్టుకుని పోవాలి. అక్కణ్ణుంచి ఒడ్డు. ఒడ్డున భటులు. ఆ తరవాత అడవి. తలుచుకుంటే అడుగు పడదు కనక తలుచుకోవడం మానేశాడు.

"నడు బొప్పన్నా. చెల్లి ఎదురు చూస్తుంది."

నీరు నడుము దాటింది, రొమ్ము దాటింది. గడ్డం దగ్గరికి వచ్చేసరికి వెనక మంత్రం ఇంకా వినబడుతూనే ఉంది, కానీ నెమ్మదిగా, మాటకీ మాటకీ మధ్య ఎడం పెరుగుతూ. ఊరూరికీ నిద్ర పంచినవాడు తను కన్నుమూసి ఎన్నేళ్లయిందో పాపం. ఎర్రమొలక మంత్రం తెల్లదానికి చదివి, తప్పుపోయి, మళ్లీ మొదటికొచ్చాడు. సగంలో ఆగాడు. ఆ సందులో ఏటి హోరుని మించి ఒక చప్పుడు వినబడింది. దవడలు విడిపోయేటంత పెద్ద ఆవులింత.

యువరాజు తల తిప్పబోయాడు.

"వెనక్కి చూడకండి దొరా" అన్నాడు బొప్పన, నీళ్లు ఉమ్ముతూ. "ఆవులింత అంటుకుంటుంది."